చదువరి గుట్టు: గ్రంథాలయం పూచీ ఎంతవరకు?

2005 ఫిబ్రవరి 15, సాయంత్రం 4 గంటల నుంచి 4.45 దాకా. ఆ ముప్పావుగంటలో ఒక ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఎవరు వాడారో చెప్పాలంటూ అదే ఏడాది జులైలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఉన్న 'లైబ్రరీ కనెక్షన్' అనే సంస్థకు ఎఫ్‌బీఐ లేఖ ఇచ్చింది. ఆ చుట్టుపక్కల రెండు డజన్లకు పైగా గ్రంథాలయాల కంప్యూటర్ వ్యవస్థను చూసుకునే సంస్థ అది. లేఖ వెనక జడ్జి ఉత్తర్వు లేదు. లేఖ వచ్చిన సంగతి ఎవరికీ చెప్పకూడదన్న ఆంక్ష మాత్రం ఉంది. జార్జ్ క్రిస్టియన్, బార్బరా బెయిలీ, పీటర్ చేజ్, జానెట్ నోసెక్ అనే నలుగురు గ్రంథాలయ బాధ్యులు వివరాలు ఇవ్వకుండా కోర్టుకెక్కారు. వాళ్ల నోటికి వేసిన తాళం తీసేసరికి 2006 మే నెల వచ్చింది. ఇలాంటి లేఖలిచ్చే అధికారాన్ని విస్తరించిన పేట్రియాట్ చట్టాన్ని కొనసాగించాలా వద్దా అని అమెరికా కాంగ్రెస్ చర్చించి, ఓటు వేసి, ముగించింది ఆలోపే. ఆ చట్టం తమ గుమ్మం ఎలా తొక్కిందో చెప్పగలిగిన నలుగురూ ఆ చర్చ జరిగినంత కాలం మాట్లాడే వీల్లేక కూర్చున్నారు. తర్వాత కొద్ది వారాలకు ఎఫ్‌బీఐ తన కోరికను తానే విరమించుకుంది.

ఇక రెండో దృశ్యం. ఇది ఏ దేశంలోనైనా, ఏ ఊళ్లోనైనా కనిపించేదే. అరవై దాటిన మనిషి ఫోను పట్టుకుని గ్రంథాలయం కౌంటర్ దగ్గరికి వస్తాడు. "బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, ఈ లింకు నొక్కమంటున్నారు, నొక్కొచ్చా?" అని అడుగుతాడు.

మొదటి దృశ్యంలో భయం ప్రభుత్వ నిఘా గురించి, రెండోదాంట్లో దొంగ గురించి. ఈ రెండింటికీ మధ్య, మన ప్రతి క్లిక్కునూ లెక్క రాసుకునే కంపెనీ ఒకటుంది. పౌరుల ఆన్‌లైన్ గోప్యతకూ భద్రతకూ పబ్లిక్ లైబ్రరీలు పూచీ పడాలా అన్న చర్చ ఇంతగా చిక్కుపడటానికి పెద్ద కారణం, ఈ మూడు ప్రమాదాలనూ ఒకే గాటన కట్టడం. చర్చ ఎక్కువగా అమెరికాలో నడిచింది కాబట్టి ముందు అక్కడి కథే చూడాలి.

అట్ట వెనక కార్డు నుంచి పాస్‌వర్డ్ దాకా

పాఠకుడి వివరాలు బయటపెట్టకపోవడం లైబ్రేరియన్ బాధ్యత అని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లోనే తన నైతిక నియమావళిలో రాసుకుంది. అప్పటికది మర్యాదకు సంబంధించిన మాట. డాక్టరు రోగి సంగతి బయట చెప్పనట్టే, లాయరు కక్షిదారు సంగతి చెప్పనట్టే. ఆ మాటకు పరీక్ష 1970లో ఎదురైంది. పేలుడు పదార్థాల మీద పుస్తకాలు ఎవరెవరు తీసుకెళ్లారో చూపించమంటూ ఖజానా శాఖ అధికారులు మిల్వాకీ వంటి నగరాల గ్రంథాలయాలకు వెళ్లారు. మరుసటి ఏడాదే, కోర్టు ఉత్తర్వు లేకుండా రికార్డులు ఇవ్వొద్దని అసోసియేషన్ విధానం ప్రకటించింది. సోవియట్ గూఢచారుల ఆచూకీ కోసం గ్రంథాలయ సిబ్బందిని ఎఫ్‌బీఐ ఆరా తీస్తున్న సంగతి 1987లో పత్రికలకెక్కింది. పాఠకుల రికార్డులను రక్షించే చట్టాలు ఇప్పుడు 48 అమెరికా రాష్ట్రాల్లో ఉన్నాయి. మిగిలిన హవాయి, కెంటకీల్లో అటార్నీ జనరళ్ల అభిప్రాయాలు ఆ పని చేస్తున్నాయి.

ఈ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మలుపు ఒకటుంది. పాత రోజుల్లో పుస్తకం అట్ట వెనక జేబులో ఒక కార్డు ఉండేది. ఆ పుస్తకం అంతకుముందు ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో దానిమీద పేర్లో, సభ్యత్వ నంబర్లో వరుసగా కనిపించేవి. కంప్యూటర్ వచ్చాక, పుస్తకం తిరిగిచ్చిన క్షణంలో పాఠకుడికీ పుస్తకానికీ ఉన్న ముడిని తెంచేయడం వీలైంది. చాలా గ్రంథాలయాలు అలాగే చేశాయి. అంటే యంత్రం వచ్చాకే గుట్టు నిలిచింది. అదే యంత్రం తర్వాత ఇంటర్నెట్‌కు తలుపు తీసింది, కథ మళ్లీ మొదటికొచ్చింది.

2001 అక్టోబరులో వచ్చిన పేట్రియాట్ చట్టంలోని 215వ సెక్షన్, దర్యాప్తుకు కావలసిన ఏ వస్తువునైనా, రికార్డునైనా రహస్య న్యాయస్థానం ఉత్తర్వుతో తీసుకోవచ్చంది. పుస్తకాల జాబితాలు కూడా అందులోకే వచ్చేవి. కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ గ్రంథాలయం 2003లో ఆ సంగతి పాఠకులకు తెలిసేలా గోడల మీద బోర్డులు పెట్టింది, ఏ రోజు కాగితాలు ఆ రోజే యంత్రంలో వేసి ముక్కలు చేయించింది. 2013లో అమెరికా ప్రభుత్వ నిఘా గుట్టు విప్పిన ఎడ్వర్డ్ స్నోడెన్ పత్రాలు బయటపడ్డాక మాట మారింది. రికార్డు దాచడంతో సరిపోదు, పాఠకుడికి తన్ను తాను కాపాడుకోవడం నేర్పాలి అన్న వాదన అక్కడి నుంచే బలపడింది. 2015లో అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా, గ్రంథాలయాల్లో గోప్యతపై ప్రకటన చేస్తూ పాఠకులకు ఈ విద్య నేర్పడాన్ని కూడా అందులో చేర్చింది.

మూడు వాదాలు, మూడు శత్రువులు

మొదటి వాదం పాతది: గుర్తుపెట్టుకోకపోవడమే రక్షణ. గ్రంథాలయం దగ్గర లేని సమాచారాన్ని ఏ ఉత్తర్వూ బయటికి లాగలేదు. పబ్లిక్ కంప్యూటర్‌లో ఒకరు లేచి వెళ్లగానే బ్రౌజర్ చరిత్ర, దిగిన ఫైళ్లు, తెరిచి ఉంచిన ఖాతాలు అన్నీ చెరిగిపోవాలి. ఇందులో ఆర్భాటం లేదు, ఫొటో దిగడానికి పనికిరాదు. అందుకే దీనికి గ్రాంట్లు తక్కువ, వార్తలు ఇంకా తక్కువ.

రెండోది: నేర్పడమే రక్షణ. మసాచుసెట్స్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసిన ఆలిసన్ మాక్రినా, పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ వారితో కలిసి తోటి లైబ్రేరియన్లకు తరగతులు చెప్పడం మొదలుపెట్టారు. అదే 'లైబ్రరీ ఫ్రీడమ్ ప్రాజెక్ట్'గా ఎదిగింది. శాన్ హోసే నగర గ్రంథాలయం ఇంటి నుంచే నేర్చుకునేలా ఆన్‌లైన్‌లో ఒక ప్రైవసీ పాఠశాల పెట్టింది. న్యూయార్క్‌లోని మూడు పెద్ద గ్రంథాలయ వ్యవస్థలు నగర పాలక యంత్రాంగంతో కలిసి తమ సిబ్బందికి ఈ విషయంలో శిక్షణ ఇప్పించాయి. ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్, వాటిని దాచే మేనేజర్, రెండంచెల లాగిన్, ఫోన్ అప్‌డేట్, మన వెంటపడే ట్రాకర్లను ఆపడం: పాఠాలు దాదాపు అంతటా ఇవే.

ఈ వాదానికి గట్టి ఆధారం మోసాల లెక్కలే. ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల ప్రకారం 2024లో ఆన్‌లైన్ నేరాల్లో పోయిన సొమ్ము 1,660 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 490 కోట్లు అరవై దాటినవారివి. వాళ్లు నదురూ బెదురూ లేకుండా వెళ్లి అడగగలిగిన చోటు గ్రంథాలయం. అక్కడ ఎవరూ ఏమీ అమ్మరు, ఎందుకొచ్చావని అడగరు. బ్యాంకు కౌంటర్‌కు గానీ, ఫోన్ దుకాణానికి గానీ ఈ గుణం లేదు. ఈ ఒక్క కారణంతో ఈ పని గ్రంథాలయానిదే అని నా అభిప్రాయం.

కానీ నేర్పేవాళ్ల చిక్కులు తక్కువ కావు. తరగతికి వచ్చేది అప్పటికే కాస్త తెలిసినవాళ్లు. తెలియనివాళ్లు ఆపద ముంచుకొచ్చాక కౌంటర్‌కు వస్తారు. అప్పుడు లైబ్రేరియన్ కళ్లముందు అవతలి మనిషి బ్యాంకు పేజీ, మందుల చీటీ, కొడుకు పంపిన మెసేజ్ అన్నీ పరుచుకుంటాయి. సాయం చేస్తున్న చేతే గుట్టును తాకుతుంది. "మౌసు మీరే పట్టుకోండి, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నేను పక్కకు తిరుగుతాను" అనగలగడం ఈ పనిలో మొదటి నైపుణ్యం. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు.

మూడో వాదం అన్నిటికంటే తీవ్రమైనది: గ్రంథాలయమే సాధనం కావాలి. దీనికి వేదిక న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని లెబనాన్ అనే చిన్న పట్టణం, అక్కడి కిల్టన్ గ్రంథాలయం. 'టోర్' అనే వ్యవస్థలో మన సందేశం వరసగా మూడు కంప్యూటర్ల మీదుగా వెళ్తుంది. ప్రతి కంప్యూటర్‌కూ తన ముందున్నదీ వెనకున్నదీ తప్ప మొత్తం దారి తెలియదు. లోకమంతటా స్వచ్ఛందంగా ఇచ్చే ఇలాంటి మజిలీల్లో ఒకదాన్ని కిల్టన్ గ్రంథాలయం 2015లో ఏర్పాటు చేసింది. ఆ సంగతి హోంలాండ్ సెక్యూరిటీ అధికారుల కంటపడి, వాళ్ల నుంచి స్థానిక పోలీసులకు చేరింది. నేరగాళ్లు కూడా టోర్ వాడతారని పోలీసులు ఊరి అధికారులకు చెప్పారు. గ్రంథాలయం మజిలీని ఆపేసింది. సెప్టెంబరు 15న బోర్డు సమావేశానికి ఊరి జనం వచ్చి మాట్లాడారు. అంతా విన్నాక బోర్డు తాను ముందు ఇచ్చిన అనుమతికే కట్టుబడింది, మజిలీ మళ్లీ మొదలైంది.

పోలీసులు చెప్పింది అబద్ధం కాదు. టోర్‌ను నేరగాళ్లూ వాడతారు. భర్త కంటపడకుండా సాయం వెతుక్కునే భార్య, వార్త పంపే విలేకరి కూడా వాడతారు. దాని మూలం అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలోనే ఉంది. రహస్యంగా చదివే వీలు నేరగాడికీ ఉంటుందన్న కారణంతో దాన్ని అందరికీ మూసేయాలా? పుస్తకాల విషయంలో గ్రంథాలయం ఈ ప్రశ్నకు 1971లోనే జవాబు చెప్పుకుంది. కిల్టన్ బోర్డు ఆ జవాబునే ఇంటర్నెట్ మీదికి తెచ్చింది. అయినా ఈ దారిన మిగతా గ్రంథాలయాలు వెల్లువలా నడవలేదు. ఒక ఊరి బోర్డు నిలబడినంత మాత్రాన, మేయరుకూ పోలీసు అధికారికీ జవాబు చెప్పుకోవలసిన ప్రతి గ్రంథాలయం నిలబడలేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. మొదటి వాదం ప్రభుత్వాన్ని చూసి పుట్టింది, రెండోది దొంగను చూసి పెరిగింది, మూడోది ప్రభుత్వాన్నీ కంపెనీనీ కలిపి ఎదుర్కోవాలనుకుంది. ఒక శత్రువుకు వేసిన గొళ్లెం ఇంకొకరికి తలుపు తీయవచ్చు. గూగుల్ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టుకుంటే దొంగ లోపలికి రావడం కష్టమవుతుంది. ఆ ఖాతా మన రాకపోకలన్నీ తెలిసిన కంపెనీదే మరి. టోర్ వెనక దాక్కుంటే నిఘా తగ్గుతుంది, అదే టోర్‌లోంచి బ్యాంకు ఖాతా తెరవబోతే బ్యాంకు అనుమానపడి అడ్డుకుంటుంది. తరగతిలో ఈ మెలికలు చెప్పకుండా, గోప్యత, భద్రత అన్న రెండు మాటలనూ జంటపదంలా వాడుతూ పోవడం చాలా కార్యక్రమాల్లో కనిపించే లోపం.

ఇంట్లో ఈగల మోత

పాఠకుడికి జాగ్రత్తలు చెప్పే గ్రంథాలయం తన ఇల్లు ఎలా ఉంచుకుంది? ఇక్కడ చర్చ మొహమాటంగా సాగుతుంది. అలా సాగకూడదు. చాలా గ్రంథాలయాలు ఈ-పుస్తకాలు అరువివ్వడానికి ఆధారపడిన అడోబీ సాఫ్ట్‌వేర్, పాఠకుడు ఏ పుస్తకం ఏ పేజీ దాకా చదివాడో కంపెనీ సర్వర్‌కు ఏ రహస్య లిపీ లేకుండా పంపుతోందని 2014 అక్టోబరులో బయటపడింది. కాగితపు పుస్తకం విషయంలో కోర్టు ఉత్తర్వు లేనిదే ఇవ్వమంటూ కాపాడుకున్న గుట్టు, ఈ-పుస్తకం విషయంలో ఒప్పందం మీద సంతకంతోనే జారిపోయింది. గ్రంథాలయాలు అందించే శిక్షణ వీడియోల సేవ లింక్డ్‌ఇన్ చేతికి వెళ్లాక, 2019లో సొంత ప్రొఫైల్ తెరిస్తేనే చూడనిస్తామన్న నిబంధన ముందుకొచ్చింది. అసోసియేషన్ అభ్యంతరం చెప్పింది, కొన్ని గ్రంథాలయాలు ఆ సేవను వదులుకున్నాయి. చివరికి గ్రంథాలయ కార్డుతోనే లోపలికి వెళ్లే వీలు నిలిచింది. గట్టిగా నిలబడితే కంపెనీ దిగివస్తుందనడానికి ఇదొక దాఖలా.

దొంగల సంగతికొస్తే, 2023 అక్టోబరు 28 మరవరాని తేదీ. ఆ రోజు బ్రిటిష్ లైబ్రరీ మీద రైసిడా అనే ముఠా దాడి చేసింది. అడిగిన 20 బిట్‌కాయిన్లు ఇవ్వకపోయేసరికి దాదాపు 600 గిగాబైట్ల సమాచారాన్ని బజారున పడేసింది. అందులో సిబ్బంది, పాఠకుల వ్యక్తిగత వివరాలున్నాయి. లోపాలు దాచకుండా ఆ సంస్థ 2024 మార్చిలో తానే నివేదిక ప్రచురించింది, అది మెచ్చుకోవలసిన పని. సరిగ్గా అదే రోజు టొరంటో పబ్లిక్ లైబ్రరీ మీదా మరో దాడి జరిగింది. నూరు శాఖలున్న ఆ వ్యవస్థ నెలల తరబడి కుంటుపడింది. తిరిగొచ్చిన పుస్తకాలను లెక్క రాసుకునే దారి లేక ట్రైలర్లలో పోసి పెట్టారు. సిబ్బంది వివరాలు దొంగల పాలయ్యాయి, పాఠకుల కార్డుల పట్టిక మాత్రం తప్పించుకుంది.

మూడు వాదాల్లో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలన్నదానికి జవాబు ఇక్కడే దొరుకుతుందని నాకనిపిస్తుంది. గ్రంథాలయం దగ్గర లేని సమాచారాన్ని ప్రభుత్వం అడగలేదు, కంపెనీ కొనలేదు, దొంగ ఎత్తుకెళ్లలేడు. ముగ్గురినీ ఒకేసారి ఆపగలిగిన ఉపాయం ఆ పాత వాదం ఒక్కటే. తరగతులు దాని మీద కట్టవలసిన మేడ. పునాది లేకుండా మేడ కట్టిన గ్రంథాలయాలు ఇప్పుడు చాలా ఉన్నాయి.

తేలని ప్రశ్నలు

తక్కువ దాచుకోవడానికి ఖర్చుంది. నేను ఇంతకుముందు చదివిన పుస్తకం పేరేమిటని అడిగే పాఠకుడికి జవాబు దొరకదు. నిధులిచ్చేవాళ్లు ఎవరు వస్తున్నారు, ఏం చదువుతున్నారు అని లెక్కలు అడుగుతారు. పాఠకుడు ఒప్పుకుంటేనే చదివిన జాబితా దాచే పద్ధతి కొన్నిచోట్ల ఉంది గానీ, ఆ ఒప్పుకోలు ఎంత తెలిసి ఇస్తున్నారన్నది వేరే ప్రశ్న.

తరగతులు విన్నవాళ్లు నిజంగా మోసపోకుండా ఉంటున్నారా? ఎంతమంది వచ్చారన్న లెక్క దొరికినంత సులువుగా ఈ జవాబు దొరకదు. పిల్లల విషయం ఇంకా జటిలం. అశ్లీల చిత్రాల మీద వడపోత పెడితేనే గ్రంథాలయాలకు ఇంటర్నెట్ కోసం కేంద్ర సాయమన్న 2000 నాటి అమెరికా చట్టాన్ని సుప్రీంకోర్టు 2003లో సమర్థించింది. తెర మీదికి వచ్చేదాన్ని వడపోసే గ్రంథాలయమే పక్క గదిలో గోప్యత పాఠం చెబుతుంది. డబ్బు సంగతీ అంతే. ఈ శిక్షణలకు చాలా అండగా నిలిచిన ఐఎంఎల్ఎస్ అనే కేంద్ర సంస్థను కుదించాలంటూ 2025 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. నిఘా మీద నిలదీయవలసిన ప్రభుత్వం దగ్గరే జీతాలకు చేయి చాచడం ఈ ఉద్యమానికి మొదటినుంచీ ఉన్న బలహీనత.

మన నేల మీద

అమెరికాలోని ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్‌లకు పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన తల్లిదండ్రులకు అక్కడి పబ్లిక్ లైబ్రరీ తెలియని చోటు కాదు. అక్కడి అనుభవాలన్నీ ఇక్కడ పనికిరావు, పనికొచ్చేవి కొన్నున్నాయి.

మనకు గ్రంథాలయోద్యమ చరిత్ర గొప్పది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1935లో పాతూరి నాగభూషణం కాలువల మీద నడిపిన పడవ గ్రంథాలయం. జనం రాలేకపోతే పుస్తకమే వెళ్లాలి అనుకున్న తరం అది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా తీసుకునే చట్టం కూడా మనకుంది, ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరడంలో బకాయిల ఫిర్యాదులు ఎంత పాతవైనా. 1960 నాటి ఆ చట్టం దృష్టంతా నిర్వహణ మీదా నిధుల మీదా ఉంది. పాఠకుడి గుట్టు అన్న ఆలోచన అప్పటికి మన చర్చలోకి రాలేదు.

ఈలోగా మన ఆన్‌లైన్ జీవితం గ్రంథాలయం బయట, నెట్ సెంటర్‌లోనూ జిరాక్స్ దుకాణంలోనూ గడుస్తోంది. గ్రూప్స్‌కు దరఖాస్తు చేసే కుర్రవాడు ఆధార్, మార్కుల మెమోలు వాట్సాప్‌లో పంపుతాడు. సెంటర్ నడిపే ఆయనే మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి, ఓటీపీ ఎంతొచ్చిందని గట్టిగా అడుగుతాడు, కుర్రవాడు అంతకంటే గట్టిగా చెబుతాడు. పని అయ్యాక ఆ కాపీలు అదే కంప్యూటర్‌లో, ఆ పాస్‌వర్డ్ అదే బ్రౌజర్‌లో ఉండిపోతాయి. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనలు కూడా గోప్యత వైపు చూడలేదు. వచ్చినవాళ్ల గుర్తింపు తీసుకోవాలి, లాగ్ ఏడాది పాటు దాచాలి, గదుల మధ్య అడ్డు నాలుగున్నర అడుగులకు మించకూడదు, అడ్డు లేనిచోట తెర అందరికీ కనిపించేలా తిప్పాలి. అమెరికన్ లైబ్రేరియన్ చెరిపేయాలనుకున్నదాన్నే మన నియమం దాచమంటోంది.

గోప్యత ప్రాథమిక హక్కు అని మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అవసరమైనంతే తీసుకో, అవసరం తీరాక చెరిపేయి అన్నది దాని సారాంశం. 2024లో సైబర్ మోసాల్లో దేశం పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. పోలీసులమంటూ మోసగాళ్లు బెదిరించే డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో ఎక్కడా లేదని తెలియక వీడియో కాల్ ముందు గంటల తరబడి కూర్చుండిపోయిన విశ్రాంత ఉద్యోగులు ఈ లెక్కలో ఉన్నారు. వాళ్లలో ఎందరో పొద్దున్నే పేపరు చదవడానికి శాఖా గ్రంథాలయానికి వెళ్లే అలవాటున్నవాళ్లే అయి ఉంటారు.

మన గ్రంథాలయాల్లో ఇప్పుడు సీట్లన్నీ పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటాయి. సిబ్బంది కొరత తెలిసిందే. ఒక్క గ్రంథపాలకుడి మీద ఇంకో బరువు పెట్టకూడదన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. అందుకే వరస ముఖ్యం. ముందు పబ్లిక్ కంప్యూటర్ ఉన్నచోట, మనిషి లేవగానే అంతా చెరిగిపోయే ఏర్పాటు కావాలి. తర్వాత, డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలని, ఎంత తొందరగా చేస్తే అంత సొమ్ము ఆగే అవకాశముందని పేపర్ల బల్ల పైన గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి. చట్టంలో పాఠకుడి రికార్డుల రక్షణకు ఒక సెక్షన్ చేర్చడం రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ చేయవలసిన పని. తరగతులు ఆ తర్వాతి మాట, వాటికి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కూడా సాయం రాగలరు.

ఇవన్నీ అయ్యేలోపు చదువరులుగా మనం చేయగలిగిన పని ఒకటుంది. గ్రంథాలయం గుమ్మంలో పేరు, ఊరు రాసి సంతకం పెట్టే రిజిస్టరు ఉంటుంది. మన తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరికీ మన వరస కనిపిస్తుంది. ఆ రిజిస్టరు నిండాక ఎక్కడికి వెళ్తుందో, ఎన్నేళ్లు ఉంటుందో, ఎవరు చూడొచ్చో ఈసారి వెళ్లినప్పుడు గ్రంథపాలకుణ్ణి అడగండి.